వంశధారలో వాటా అడిగే మనం కొండ మీదికి ఎప్పుడైనా చూశామా?

మొన్న కాలవ గట్టు మీద మళ్ళీ గొడవ. శివారు మడులకు నీళ్ళు రావట్లేదని అందరూ కాలవలో నీళ్ళు వదిలే లస్కర్ మీద పడ్డారు. నేనూ పడ్డాను, అబద్ధం ఎందుకు. కాసేపటికి కోపం ఒడిశా మీదికి మళ్ళింది. వంశధార నీళ్ళ పంపకం మీద ఒడిశాతో 1962లో చేసుకున్న ఒప్పందం నుంచి 2017 ట్రిబ్యునల్ తీర్పు దాకా మా పెద్దలకు అంతా కంఠతా వచ్చు. సగం మనది, సగం వాళ్ళది. ఆ నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయి, అక్కడ వాటిని కాస్తున్నది ఎవరు అన్న మాట మాత్రం ఆ గట్టు మీద ఇన్నేళ్ళలో ఒక్కసారీ వినలేదు. అది నా కడుపులో మెలిపెడుతోంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పొడుగైతే ఏమీ అనుకోకండి.

వంశధార పుట్టేది ఒడిశాలో, కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దులో, నియమగిరి కొండల దగ్గర. ఆ కొండల నెత్తి చదునుగా ఉంటుంది. పైన బాక్సైట్ పొర, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. ఆ పొర వానాకాలంలో తాగిన నీటిని ఎండల్లో కూడా కొంచెం కొంచెంగా గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి వదులుతుంది. మనం రిజర్వాయర్ కట్టి చేసే పనిని ఆ కొండ ఊరికే చేసిపెడుతోంది. అక్కడుండే డోంగ్రియా కోందు ఆదివాసీలకు ఆ కొండ నెత్తి వాళ్ళ దేవుడు నియమ్‌రాజా స్థానం. అక్కడ చెట్టు మీద గొడ్డలి వెయ్యరు. తమను తాము ఝర్నియాలు అని చెప్పుకుంటారు. ఊటలను కాచేవాళ్ళని అర్థం. వాలు మీద పోడు చేస్తారు, పసుపూ అనాసా పండిస్తారు. పైకి మాత్రం పోరు. ఎక్కడ సాగు చెయ్యాలి, ఎక్కడ చెయ్యకూడదు అని ముందే గీసుకున్న ఈ గీతను మనం ఆచారం అంటాం. అదే గీత ఆఫీసులో మ్యాపు మీద గీస్తే ప్రణాళిక అయిపోతుంది.

ఆ నెత్తినే తవ్వి లాంజిగఢ్‌లోని వేదాంత కర్మాగారానికి బాక్సైట్ పంపాలనుకున్నారు. 2010లో కేంద్రం వేసిన సక్సేనా కమిటీ వద్దంది, కేంద్రం అనుమతి నిరాకరించింది. కోర్టుకెళ్తే 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, దీని మీద గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వర్షాకాలంలో జిల్లా న్యాయమూర్తుల ఎదుట 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. కొన్ని పల్లెల్లో ఓటర్లంతా కలిసినా మా వీధిలో పెళ్ళికొచ్చే జనమంత ఉండరు. వంశధార మీది గొట్టా బ్యారేజీ కింద వేల ఎకరాలు వేసుకుని మేం ఏం చేశాం? టీవీలో చూసి ఛానెల్ మార్చాం. నేనైతే అదీ పూర్తిగా చూడలేదు.

వంశధార నీళ్ళన్నీ నియమగిరివే అని నేననను. దారిలో మహేంద్రతనయ లాంటివి ఎన్నో కలుస్తాయి. కానీ ఆ కలిసేవి కూడా ఏదో ఒక ఆదివాసీ కొండ మీంచే దిగుతాయి కదా.

ఇప్పుడు అసలు విషయం. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు పోడు పట్టాలే గుర్తొస్తాయి. అందులో అంతకంటే పెద్ద సంగతి ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని సామూహిక వనరుగా గుర్తించి, దాన్ని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ఐదో సెక్షన్ ఇంకా ముందుకెళ్ళి, నీటి వనరులనూ, అవి పారి వచ్చే పరీవాహక భూములనూ కాపాడే అధికారం కూడా గ్రామసభదే అంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేంఢా లేఖా అనే ఊరు 2009లోనే ఈ హక్కు పత్రం సంపాదించి దాదాపు 1,800 హెక్టార్ల అడవిని తానే చూసుకుంటోంది. 2011లో తన వెదురు తానే అమ్ముకుంది. మన దగ్గరేమో ఉమ్మడి రాష్ట్రంలో చాలాచోట్ల ఆ సామూహిక పత్రాలు గ్రామసభల పేరున కాకుండా అటవీ శాఖ కింద నడిచే వన సంరక్షణ సమితుల (వీఎస్‌ఎస్‌ల) పేరున ఇచ్చారు. ఇల్లు నీదే, తాళం మాత్రం నా దగ్గర ఉంటుంది అన్నట్టు.

వాటర్‌షెడ్ పనుల సంగతి, అంటే వాన నీటినీ మట్టినీ కొట్టుకుపోకుండా ఆపే పనుల సంగతి కూడా చెప్పాలి. 1994లో మన సి.హెచ్.హనుమంతరావు గారి కమిటీ ఈ పనులను జనం చేతిలో పెట్టమంది. పని కొండ నెత్తి నుంచి మొదలుపెట్టి లోయకు దిగాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే సూత్రమే. జరిగేది తిరగేసి. కొండ నెత్తి అటవీ శాఖది, పని ఇంకో శాఖది. కాబట్టి అడవి హద్దు రాయి దగ్గరే ఆగిపోయి, కింద చెక్‌డ్యామ్ కడతారు. మా చుట్టాల ఊళ్ళో అలాంటిదొకటి రెండు వానలకే ఇసుకతో నిండిపోయింది. ఇప్పుడు పిల్లలు దాని మీద క్రికెట్ ఆడుతున్నారు. పిచ్ బాగుంటుందట.

ఆదివాసీలకు సాంకేతిక జ్ఞానం ఎక్కడుంది అంటారా? సీతంపేట వైపో, ఒడిశా సరిహద్దు కొండల్లోకో వెళ్ళి సవర ఆదివాసీలు కట్టిన మెట్ల మడులు చూడండి. గెడ్డ పారే లోయలో రాయి మీద రాయి పేర్చి, సిమెంటు లేకుండా, పై మడి నీళ్ళు కింది మడిలోకి దిగేలా కడతారు. మట్టి పోదు, నీరూ పోదు. మా ఊరి సిమెంటు కాలవకి ఏటా గండి పడుతుంది.

పోడుతో అడవి నరికేది వాళ్ళే కదా అని మా బావ అంటాడు. నిజమే, కొన్ని కొండలు బోడి అయ్యాయి. ఒకప్పుడు ఏళ్ళ తరబడి బీడు వదిలిన వాలును ఇప్పుడు రెండు మూడేళ్ళకే మళ్ళీ కొడుతున్నారు. ఆదివాసీలందరూ రుషులని నేను చెప్పట్లేదు. కానీ అడవి వాళ్ళది కాకుండా చేసి, ఏది ఎప్పుడు లాక్కుంటారో తెలియని స్థితిలో పెట్టి, బీడు ఎందుకు వదలట్లేదు అని అడిగితే ఎలా బావా? పోనీ అడవి పెంచుతామని వేసేదేమిటి? టేకు. టేకు తోట కింద నేల చూడండి. వెడల్పాటి ఆకుల మీంచి లావు చినుకులు పడి మట్టి కోసుకుపోతుంది. అది అడవి కాదు, కలప గోదాము.

నియమగిరి గెలవడానికి కారణం, ఊరి మాట ముందు వినాలన్న నియమం. 2022 అటవీ నిబంధనలు, అడవిని గనుల్లాంటి వాటికి ఇస్తూ కేంద్రం తుది అనుమతి ఇచ్చేముందు ఊరి మాట విన్నారా లేదా అని చూడాల్సిన పని లేకుండా చేసి, ఆ బాధ్యతను రాష్ట్రాల మీదికి తోసేశాయి. మంగళసూత్రం కట్టేశాక పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు. ఇది ఆదివాసీల గొడవ అని మనం ఊరుకుంటే, రేపు ఎండిపోయేది నా మడే.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. మన నీటి సంఘాలు ఎగువ గ్రామసభల సామూహిక హక్కు పత్రాల కోసం తీర్మానం చెయ్యాలి. నీటి తీరువాలో కొంత ఆ పల్లెలకు వెళ్ళాలి. దానం కింద కాదు, కాపలా కూలి కింద. మన లస్కర్‌కి జీతం ఇవ్వట్లేదా? వాళ్ళు పై లస్కర్లు. అడవి ప్రణాళిక వాళ్ళు రాస్తారు, ఇంజనీరు కావాలంటే వాళ్ళే పిలుచుకుంటారు.

వచ్చే సంఘం మీటింగులో ఇదే మాట లేవనెత్తబోతున్నాను. నవ్వుతారని తెలుసు. లస్కర్‌ని తిట్టడం అయ్యాక నాకు రెండు నిమిషాలు ఇవ్వమని అధ్యక్షుడు గారికి ముందే చెప్పి ఉంచాను. "చూద్దాంలే తమ్ముడూ, ముందు నీళ్ళు రానీ" అన్నారు.