సవరణ: క్రిములు కనిపించకపోయినా చర్మ క్షయ కావచ్చు

చర్మపు ముక్క పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోతే చర్మ క్షయ లేనట్టేనని ఇంతకుముందు రాశాను; అది నా పొరపాటు. చర్మవ్యాధుల పాఠ్యగ్రంథాల ప్రకారం, లూపస్ వల్గారిస్ వంటి చర్మ క్షయ రకాల్లో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి అవి సూక్ష్మదర్శినిలోనే కాక క్రిముల జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్‌లోనూ, ఒక్కోసారి క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌లోనూ దొరకకపోవచ్చు. అందుకే వైద్యులు మచ్చ తీరును, బయాప్సీలో (చర్మపు ముక్క పరీక్షలో) కనిపించే గ్రాన్యులోమాలను (రోగనిరోధక కణాల గుంపులను), క్షయ క్రిములకు శరీరం స్పందిస్తుందో లేదో చూసే మాంటూ చర్మ పరీక్ష ఫలితాన్ని (ఇది ఒక్కటే రుజువు కాదు), ఊపిరితిత్తులు, లింఫు గ్రంథుల స్థితిని, చివరికి మందులకు మచ్చ తగ్గే తీరును కూడా కలిపి చూసి నిర్ధారిస్తారు. చికిత్స గురించి రాసిన దానిలో మార్పు లేదు: సాధారణంగా 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు. నా మాట నమ్మి నెగటివ్ రిపోర్టుతో ఆగిపోయినవారు, మచ్చ ఇంకా పెరుగుతుంటే, దయచేసి మళ్లీ చర్మవైద్యులకు చూపించుకోండి.