ముందు పేల్చిందెవరు అనే గొడవ ఇంకానా?

1778 జూన్ 17న బ్రిటన్ ఫ్రిగేట్ (వేగంగా నడిచే యుద్ధనౌక) అరెతూసా, ఫ్రాన్స్ ఫ్రిగేట్ బెల్ పూల్ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర కొట్టుకున్నాయి. అప్పటికి రెండు దేశాలూ యుద్ధం ప్రకటించలేదు. నౌకా చరిత్ర అభిమానులు దీని మీద ఇప్పటికీ వాదించుకునేవి రెండే: ముందు పేల్చిందెవరు, గెలిచిందెవరు? ఈ రెండూ వింటే నాకు చిరాకు.

అరెతూసా కెప్టెన్ మార్షల్, తమ నౌకాదళాన్ని నడిపిస్తున్న అడ్మిరల్ కెపెల్ దగ్గరికి బెల్ పూల్‌ని రమ్మన్నాడు. బెల్ పూల్ కెప్టెన్ లా క్లోషెతరీ రానన్నాడు. యుద్ధమే లేనప్పుడు పరాయి రాజు ఓడని పిలిపించుకునే హక్కు ఎక్కడిది? ఆ పిలుపే కయ్యానికి కాలు దువ్వడం. ఇక మొదటి గుండు ఎవరిదైతే ఏంటి?

సాయంత్రం మొదలై రాత్రి దాకా ఫిరంగులు మోగాయి. అరెతూసా తెరచాప స్తంభం విరిగింది. సొంత ఓడలు తాడు కట్టి లాక్కెళ్తే తప్ప కదల్లేకపోయింది. అలాంటి ఓడ మీద ఇంగ్లిష్ వాళ్లు తర్వాత వీరగీతం కట్టుకున్నారు! బెల్ పూల్ ఒడ్డు దగ్గరి రాళ్ల మధ్యకి తప్పించుకుంది. అందులో దాదాపు 30 మంది చనిపోయారు, 70 మందికి పైగా గాయపడ్డారు. పారిస్‌లో గొప్పింటి ఆడవాళ్లేమో జుట్టు ఎత్తుగా దువ్వి, మీద ఆ ఓడ బొమ్మ పెట్టుకుని తిరిగారు. ఫ్యాషన్‌కి కూడా శవాలు కావాలి కాబోలు.

ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకి మాత్రం కావాల్సిన సాకు దొరికింది. మొదలెట్టింది బ్రిటనే అని లోకానికి చెప్పుకుంటూ, యుద్ధాన్ని ఆ జూన్ 17 నుంచే లెక్కగట్టాడు. కానీ బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వాళ్లతో ఫ్రాన్స్ ఒప్పందం చేసుకుంది ఆ ఫిబ్రవరిలోనే కదా!

యుద్ధం ఆ జూన్ 17తో మొదలవలేదంటే నమ్మకం కుదరకపోతే మన వైపు తేదీలు చూడండి. జూలైలోనే ఇంగ్లిష్ వాళ్లు బెంగాల్లో ఫ్రెంచి వాళ్ల చందర్‌నగర్ లాక్కున్నారు. ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చిందన్న కబురు కలకత్తాకి ఈజిప్టు దారిన అందింది. జూన్ 17 నాటి కబురు మూడు వారాల్లో అక్కడికి చేరే రోజులా అవి? ఆఫ్రికా చుట్టి వచ్చే ఓడకైతే నెలలు పట్టేది. అంటే కలకత్తాకి చేరిన కబురు బయల్దేరేటప్పటికి ఆ రెండు ఫ్రిగేట్లూ ఇంకా ఎదురుపడనే లేదు. మచిలీపట్నంలోని ఫ్రెంచి స్థావరం పోయింది, అక్టోబరులో పాండిచ్చేరి లొంగింది. మరుసటి ఏడాది మలబారు తీరంలోని ఫ్రెంచి రేవు మాహేని కూడా పట్టుకున్నారు. తన ఆయుధాలు దిగే రేవు అదేనని, దాని జోలికి రావద్దని మైసూరు ఏలే హైదర్ అలీ చెప్పినా వినలేదు. 1780లో అతను కర్ణాటిక్ మీద (ఇప్పటి కర్ణాటక కాదు, ఇంగ్లిష్ వాళ్ల మిత్రుడు ఆర్కాటు నవాబు ఏలే సీమ) పడ్డాడు.

మన పాఠాల్లో మాత్రం హైదర్ ఒక అధ్యాయం, అమెరికా స్వాతంత్ర్యం ఇంకో అధ్యాయం. రెంటికీ చుట్టరికం ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు నాకు.