మెదడు పరిశోధకులకు సంఘం చేసే మేలు, దాని హద్దులు

1969లో అమెరికాలో మెదడు, నాడీవ్యవస్థ పరిశోధకుల సంఘమైన సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ ఏర్పడేనాటికి ఆ పేరుతో విడిగా ఒక శాస్త్రం ఉందని చెప్పడమే కష్టం. హార్వర్డ్‌లో స్టీఫెన్ కఫ్లర్ న్యూరోబయాలజీ విభాగాన్ని నెలకొల్పి అప్పటికి మూడేళ్లే అయింది. మెదడు నిర్మాణాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవారు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సభలకు, నాడీకణాల విద్యుత్ సంకేతాలను కొలిచేవారు ఫిజియాలజీ సభలకు, మందుల ప్రభావాన్ని పట్టిచూసేవారు ఫార్మకాలజీ వేదికలకు, ఎలుకల మీద జ్ఞాపకశక్తి ప్రయోగాలు చేసేవారు మనస్తత్వ శాస్త్రజ్ఞుల సమావేశాలకు వెళ్లేవారు. అందరూ పనిచేస్తున్నది ఒకే అవయవం మీద. ఒకరి ఫలితాలు మరొకరికి చేరడం మాత్రం చాలావరకు వ్యక్తిగత పరిచయాల మీద ఆధారపడి ఉండేది. కాబట్టి ఆ సంఘం అప్పటికే ఉన్న ఒక వృత్తికి సేవ చేయడానికి పుట్టిందనడం కన్నా, ఆ వృత్తికి రూపం ఇచ్చిందనడమే సరైనది. దాని మేలునైనా, లోపాలనైనా ఈ కోణం నుంచి చూస్తేనే స్పష్టత వస్తుంది.

1971లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి వార్షిక సభకు సుమారు 1,400 మంది వచ్చారు. ఈ శతాబ్దం తొలి దశాబ్దానికి ఆ సంఖ్య 30 వేలు దాటింది. అంతమందికి చోటివ్వగల సభాప్రాంగణాలు అమెరికాలోనే కొద్ది నగరాల్లో ఉన్నాయి. అందుకే ఇటీవలి కాలంలో ఆ సభ వాషింగ్టన్, శాన్ డియాగో, షికాగోల మధ్యే తిరుగుతోంది. పెద్ద తిరునాళ్లలా ఉండే ఈ సభలో పేరున్నవారి ఉపన్యాసాల కన్నా పోస్టర్ల హాలుకే విలువ ఎక్కువ అని నా అభిప్రాయం. అక్కడ పరిశోధకులు తమ ఫలితాలను పెద్ద కాగితాలపై ముద్రించి, పూటకో విడతగా వేల పోస్టర్లు పెడతారు. తన పోస్టర్ పక్కన నిలబడ్డ పీహెచ్‌డీ విద్యార్థి దగ్గరికి, ఆ విద్యార్థి చదివిన పరిశోధనా పత్రాలు రాసిన ప్రొఫెసరే వచ్చి నేరుగా ప్రశ్నిస్తాడు. పత్రికలో అచ్చయ్యేలోగా ఎత్తిచూపాల్సిన తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి. పీహెచ్‌డీ తరువాత చేసే పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగాల మాటలూ ఆ వరుసల మధ్యే మొదలవుతాయి. ఇంతమందిని ఇలా ఒకచోట చేర్చడం ఏ విశ్వవిద్యాలయానికీ తలకు మించిన పని. నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఆ బాధ్యత తీసుకుంటే, తమకు గ్రాంటు ఇచ్చేవారి ఎదుట ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

సభ తరువాత చెప్పుకోవలసింది పత్రిక. 1981లో మ్యాక్స్‌వెల్ కోవన్ సంపాదకత్వంలో మొదలైన ‘జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్’ ఆ సంఘం సొంత ప్రచురణ. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది డబ్బు. వాణిజ్య ప్రచురణకర్తలు నడిపే పత్రికల లాభం వాటాదారులకు పోతుంది, సంఘం పత్రికలో మిగిలేది మళ్లీ శాస్త్రజ్ఞుల పనికే చేరుతుంది. రెండోది, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, నియమాలు పెట్టే అధికారం. 2010లో అప్పటి సంపాదకుడు జాన్ మాన్‌సెల్ ఇకపై వ్యాసాలతో పాటు అనుబంధ సమాచారాన్ని స్వీకరించబోమని ప్రకటించారు. అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకులు ఇంకో ప్రయోగం, ఇంకో పట్టిక అని అడుగుతూ పోవడం, రచయితలు వాటన్నిటినీ అనుబంధంలోకి నెట్టడం, ఆ అనుబంధాలను ఎవరూ నిశితంగా చదవకపోవడం అప్పటికే ఆనవాయితీగా మారాయి. వ్యాసం తన కాళ్లపై తాను నిలవాలన్న ఆ నిర్ణయంపై అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో కొన్ని సబబైనవే. అయినా రచయితలను దూరం చేసుకునే ముప్పు ఉన్న అలాంటి నిర్ణయాన్ని శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న పత్రిక తీసుకోగలిగింది. 2014లో వచ్చిన ‘ఈన్యూరో’ మరో అడుగు వేసి, సమీక్షకులకు రచయితల పేర్లు తెలియకుండా సమీక్ష జరిపే పద్ధతిని, అందరికీ ఉచితంగా చదివే వీలును కలిపి తెచ్చింది.

బయటినుంచి దెబ్బ తగిలినప్పుడు సంఘం అవసరం ఇంకా బాగా తెలుస్తుంది. 2006 నుంచి 2009 వరకు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జంతువులపై ప్రయోగాలు చేసే మెదడు పరిశోధకులను అతివాద బృందాలు లక్ష్యంగా చేసుకున్నాయి. ఒకరి ఇంట్లోకి నీళ్లు వదిలారు, ఒకరి కారును తగలబెట్టారు, మరొకరు కుటుంబ భద్రత కోసం ఆ పరిశోధననే వదులుకున్నారు. చాలా విశ్వవిద్యాలయాలు ఇలాంటి విషయాల్లో నోరు మెదపకపోవడమే క్షేమమనుకుంటాయి. ఆ సమయంలో సొసైటీ, పరిశోధకుల రక్షణలో సంస్థల బాధ్యత ఏమిటో చెప్పే మార్గదర్శకాలను విడుదల చేసింది. ఒంటరిగా బెదిరింపులు ఎదుర్కొంటున్న పరిశోధకుడికి తన వెనుక వేలమంది ఉన్న సంస్థ నిలబడిందన్న భరోసా చిన్నది కాదు.

అయితే ఆ వేలమందిదీ ఎప్పుడూ ఒకే మాట కాదు. 2005 సభకు దలైలామాను ఆహ్వానించినప్పుడు వందలమంది సభ్యులు అభ్యంతరపత్రంపై సంతకాలు చేశారు. సొసైటీ కార్యక్రమాన్ని యథాతథంగా జరిపింది. మహిళల విషయంలోనైతే ఆలస్యం తప్పు సంఘానిదే. 1985లో బెర్నీస్ గ్రాఫ్‌స్టైన్ ఎన్నికయ్యేదాకా అధ్యక్షస్థానంలో మహిళ లేదు.

నిధుల దగ్గరికి వస్తే సంఘాల శక్తికి ఉన్న హద్దు కనబడుతుంది. 2013లో ఒబామా ప్రకటించిన మెదడు పరిశోధన పథకం బ్రెయిన్ ఇనిషియేటివ్‌కు 2023లో దక్కిన 68 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాదికి 40.2 కోట్లకు పడిపోయాయి. 2016 నాటి చట్టం కింద ఏటేటా ప్రత్యేకంగా కేటాయించిన మొత్తం ఆ ఏడాది బాగా తగ్గిపోవడం, ఆ లోటును మామూలు బడ్జెట్ పూడ్చకపోవడం ఇందుకు కారణాలు. సొసైటీ సభ్యులు ఏటా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు వెళ్లి తమ వాదన వినిపిస్తూనే ఉన్నా ఆ కోత ఆగలేదు. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో అమెరికా ప్రభుత్వం, వైద్య పరిశోధనకు డబ్బిచ్చే తన సంస్థ ఎన్‌ఐహెచ్ మొత్తం నిధులనే సుమారు 40 శాతం తగ్గించాలన్నప్పుడు మాత్రం సెనేట్ నిధుల కమిటీ 2025 జులైలో ఆ కోతను తోసిపుచ్చి, కొద్దిపాటి పెంపును సూచించింది. దీన్ని ఏ ఒక్క సంఘం ఖాతాలోనూ వేయలేం. రోగుల సంఘాలు, విశ్వవిద్యాలయాలు, తమ రాష్ట్రాల్లో ఉద్యోగాలు పోతాయన్న నాయకుల భయం, అన్నీ కలిసి పనిచేశాయి. సంఘం చేయగలిగిందల్లా వాదనను ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచుకోవడం. కోత వచ్చిపడ్డాక కూడగట్టుకునే వాదనకు అంత బలం ఉండదు.

మన కోణంలో అసలు చిక్కు భౌగోళికమైనది. అల్పాదాయ దేశాల పరిశోధకులకు సొసైటీ సభ్యత్వ రుసుము తగ్గిస్తుంది. కానీ హైదరాబాద్ నుంచి శాన్ డియాగోకు విమాన టికెట్టు, హోటల్ ఖర్చు, అన్నిటికీ మించి వీసా, రుసుములో రాయితీతో తీరేవి కావు. అమెరికా ప్రయోగశాలల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఆ సభ అందుబాటులో ఉంటుంది, ఇక్కడి ప్రయోగశాలల్లో ఉన్నవారికి ఉండదు. 2021లో కొవిడ్ వల్ల సభ మొత్తం ఆన్‌లైన్‌లో జరిగినప్పుడు ఈ దూరం కొంత తగ్గింది కానీ, పోస్టర్ పక్కన జరిగే మాటామంతీని తెర ఇవ్వలేకపోయింది.

అందుకే ఇక్కడి సంఘాలను అక్కడి సంఘానికి శాఖలుగా చూడడం పొరపాటు. భారతీయ న్యూరలాజికల్ సొసైటీ 1951లోనే, అంటే అమెరికా సంఘానికి 18 ఏళ్ల ముందే, జాకబ్ చాందీ, బి.రామమూర్తి వంటి వైద్యుల చొరవతో ఏర్పడింది. ప్రయోగశాల పరిశోధకుల కోసం ఇండియన్ అకాడెమీ ఆఫ్ న్యూరోసైన్సెస్ 1982లో వచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కంప్యూటర్ నిపుణులు కేరళలోని శ్రీచిత్ర సంస్థ వైద్యులతో కలిసి, వందమంది భారతీయుల ఎమ్మారై చిత్రాల ఆధారంగా మన మెదడు అట్లాస్‌ను, అంటే పోల్చి చూసుకోవడానికి ప్రామాణికమైన పటాన్ని, రూపొందించారు. అది 2019లో అచ్చయింది ఆ న్యూరలాజికల్ సొసైటీ పత్రిక ‘న్యూరాలజీ ఇండియా’లోనే. పాశ్చాత్యుల చిత్రాలతో తయారైన కొలతలను మన రోగులకు వాడితే తేడాలొస్తాయన్న ప్రశ్నకు ఇక్కడి పత్రికలో చోటు దొరకడం సహజమే. ఇంజినీర్లు, వైద్యులు కలిసి చేసిన ఆ పని ఒక్కసారి జరిగిన సహకారంగానే మిగిలిపోకుండా ఉండాలంటే, ఇంజినీరింగ్ విద్యార్థి, నాడీ వైద్యుడు, కణజీవ శాస్త్రవేత్త ఒకే హాల్లో ఏటా తారసపడాలి. వైద్యులకొక సంఘం, ప్రయోగశాలలకొక సంఘంగా విడివిడిగా సభలు జరుపుకునే మన పద్ధతి ఇందుకు అడ్డు. కనీసం రెండేళ్లకొకసారైనా ఈ రెండు సంఘాలు ఉమ్మడి సభ పెట్టుకుని, విద్యార్థుల ప్రయాణ ఖర్చుకు ముందుగానే డబ్బు పక్కన పెట్టడం నేడున్న వనరులతోనే సాధ్యమయ్యే పని.