పిట్టల ఫోటోలు ఇంటి వెనక బీడు నుంచే మొదలవ్వాలి

అనంతపురం శివార్లలో మా ఇంటి వెనక నాలుగైదు ఎకరాల ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. ఆరేళ్ల కింద, మార్చి నెలాఖరులో, అక్కడ ఒక తీతువు పిట్ట గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటూ ఏమీ లేదు. అరచేతంత గుంట, చుట్టూ చిన్న చిన్న రాళ్లు, మట్టి రంగు గుడ్ల మీద నల్లటి మచ్చలు. అడుగు దూరంలో నిలబడి చూసినా ఏది రాయో ఏది గుడ్డో తెలియదు. అప్పుడే కొత్తగా జూమ్ లెన్స్ కొన్నాను. పదడుగుల దూరంలో చతికిలబడి అరగంట సేపు ఫోటోలు తీశాను. పిట్ట నా తల మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. ఫోటోలు బాగా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మరుసటి రోజు మిద్దె మీద నుంచి చూశాక గానీ నేను చేసిన పనేంటో అర్థం కాలేదు. పొద్దు పదకొండు దాటితే మా సీమలో నేల ఎలా కాలుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఎండలో పిట్ట గుడ్ల మీద కూర్చోవడం లేదు. వాటి మీద నిలబడి తన నీడ పడేలా చూసుకుంటోంది. కాసేపటికి కొళాయి దగ్గర నిలిచిన నీళ్లలోకి దిగి, పొట్ట ఈకలు తడుపుకుని, గబగబా నడుచుకుంటూ వచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ముందు రోజు అరగంట సేపు ఆ నీడ, ఆ తడి గుడ్లకు అందకుండా చేసింది నేనే. నాలుగింటిలో రెండే పిల్లలయ్యాయి. నా వల్లే అని తేల్చి చెప్పలేను. ఆ ఫోటోలు మాత్రం తర్వాత ఎవరికీ చూపించలేదు. తీతువు కూస్తే కీడు అని మా అవ్వ అనేది. గుడ్లున్నాయి, దగ్గరికి రావద్దని అది మొత్తుకుంటుంటే మనం దాన్ని అపశకునం అంటున్నాం.

ఇప్పుడు మన కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో పిట్టల ఫోటోలు తీసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఆదివారం వస్తే రోళ్లపాడు, వీరాపురం, లంకమల. వీలున్నవాళ్లు రాజస్థాన్‌లోని భరత్‌పూర్, గుజరాత్‌లోని కచ్ దాకా వెళ్లొస్తున్నారు. వెళ్లొద్దని నేను అనను, నేనూ వెళ్తాను. అయితే ఇంటి చుట్టుపక్కల పిట్టలతో కనీసం ఒక ఏడాది గడపకుండా దూరాలకు పరిగెత్తితే పిట్టకూ నష్టమే, ఫోటోకూ నష్టమే అని నాకు గట్టి నమ్మకం.

ఫోటో సంగతే ముందు చూద్దాం. కొత్త చోట మనకు దొరికేది ఒక పూట. వెలుతురు ఎటు నుంచి వస్తుందో, పిట్ట ఏ కొమ్మ మీదికి తిరిగొస్తుందో తెలిసేలోపే ఎండ ఎక్కుతుంది. టెన్షన్‌లో దగ్గరికి నడుస్తాం, అది ఎగిరిపోతుంది. మన వీధి కరెంటు తీగ మీద కూర్చునే నల్ల పిట్ట పసులపోలిగాడు అలా కాదు. రోజూ అదే తీగ, పురుగును పట్టి మళ్లీ అదే చోటు. ఎగరబోయే ముందు ఒళ్లు కాస్త ముందుకు వంచుతుందని వారం రోజులు చూస్తే తెలిసిపోతుంది. అది తెలిస్తే ఎగిరే రెక్కలు మసకబారకుండా షట్టర్ స్పీడు సెకనులో 1/2000 వంతు దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉండొచ్చు. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు కూర్చుని, వీలైతే బోర్లా పడుకుని, పిట్ట కన్ను ఎత్తులో కెమెరా పెడితే ఖరీదైన లెన్స్ చేయలేని పని అవుతుంది. నల్ల పిట్ట ఈకల్లోని నీలి మెరుపు, కంటిలో చుక్కంత వెలుగు రెండూ దక్కుతాయి. 400 ఎంఎం లెన్స్‌తో ఇవన్నీ వస్తాయి. దూరానివి ఇంకా దగ్గరగా చూపే 600 ఎంఎం లేదని దిగులు పడేవాళ్లకు నేను చెప్పేది ఇంకాస్త సేపు కూర్చోమనే. మనం కదలకుండా కూర్చుంటే పిట్టే దగ్గరికి వస్తుంది. అది ఎంత దూరం ఒప్పుకుంటే అంతే మన దూరం.

ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మన సీమ పిట్టల్లో చాలా వాటికి అడవి అక్కర్లేదు. వాటికి కావలసింది బీడు. గడ్డి, రాళ్లు, అక్కడక్కడా రేగు కంప ఉంటే చాలు. ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి నేలకు ఉన్న పేరు వేస్ట్‌ల్యాండ్, అంటే దేనికీ పనికిరాని భూమి. నందికొట్కూరు వైపు ఉన్న రోళ్లపాడు అలాంటి గడ్డినేలే. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మీటరు ఎత్తుండే ఆ పిట్ట మామూలుగా ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ ఉత్త నేల మీద. ఎదుట ఉన్నది సరిగా కనిపించదు కాబట్టి కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతుంది. ఇవాళ దేశంలో మిగిలినవి నూరూ నూటయాభై మాత్రమే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. మన దగ్గర దాని కథ దాదాపు ముగిసిపోయింది. అదే రోళ్లపాడుకు చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను వేటాడి, సాయంత్రానికి గడ్డిలో నేల మీదే నిద్రకు దిగుతాయి. ఆ దిగే వేళలో మంచి ఫోటో కోసం గడ్డిలోకి నడిచామంటే, వేల మైళ్లు ఎగిరొచ్చిన పిట్టను పడుకోబోయే ముందు లేపేసినట్టే.

బీడులో ఏముందని అడిగేవాళ్లకు చూపించడానికి మన దగ్గర ఉండాల్సింది ఫోటోలే. తేదీ, చోటు, ఎన్ని కనిపించాయన్న లెక్క రాసి పెట్టుకున్న మామూలు ఫోటోలు. సోలార్ పలకలకో లేఅవుట్‌కో ఆ నేల పోయే రోజున, ఇక్కడ ఏమీ లేదన్న మాటకు జవాబు చెప్పగలిగేవి అవే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల దగ్గరి పిట్టలను లెక్కపెడతారు. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. పావుగంట కూర్చుని లెక్క రాస్తే చాలు.

దూరం వెళ్లినప్పుడు కూడా ఇంటి దగ్గర నేర్చుకున్న ఓపికే పనికొస్తుంది. హిందూపురం దగ్గరి వీరాపురం సంగతే తీసుకోండి. కొత్త జిల్లాల లెక్కలో అది ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఊరి మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. ఫోటోల కింద మాత్రం చాలామంది 'సైబీరియా కొంగలు' అని రాస్తారు. అవి సైబీరియా నుంచి రావు. మన దేశంలోనే ఉంటూ నీళ్లను బట్టి తిరిగే పిట్టలు. సైబీరియా అని రాసినప్పుడల్లా మన చెరువుల బాధ్యతను మనమే మరిచిపోతాం. చెరువు ఎండితే చేపలుండవు, చేపలు లేకపోతే గూట్లో పిల్లలకు తిండి ఉండదు. అక్కడ కెమెరాకు ఉండే చిక్కు కూడా చెప్పాలి. ఎండలో తెల్ల ఈకలు ఉత్త తెల్లమచ్చగా మాడిపోతాయి, ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కాస్త తగ్గిస్తేనే రెక్కల చివర గులాబీ రంగు నిలుస్తుంది. డ్రోన్ అసలు ఎగరేయకూడదు. పెద్ద కొంగలు బెదిరి లేస్తే పిల్లలకు ఆ కాస్త రెక్కల నీడా పోతుంది.

ఇక కలివికోడి అనే అరుదైన పిట్ట. 1900లో మా అనంతపురం దగ్గర కనిపించాక దాని జాడ పోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. రాత్రిపూట కంపల్లో తిరిగే పిట్ట కాబట్టి పరిశోధకులు మట్టి పరిచి కాలిముద్రలు చూశారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. మనిషి లేకుండా దాని ఫోటో తీసే దారి అలా కనుక్కున్నారు. అలాంటి పిట్ట కోసం టార్చిలైట్లతో, ఫోన్లో కూతలు వినిపిస్తూ కంపల్లో తిరగడం నాకు దారుణంగా అనిపిస్తుంది. ఆ దొంగ కూత విని, తన నేలలోకి ఇంకొకటి వచ్చిందని మేత మానుకుని వెతుక్కునేది ఆ పిట్టే. అభయారణ్యంలో ఫోటోలకు అటవీశాఖ అనుమతి ఎలాగూ కావాలి. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయాలి, ఫోన్ దానంతటదే చేర్చేస్తుంది. అరుదైన పిట్టైనా, గూడు మీది పిట్టైనా జిల్లా పేరు రాస్తే సరిపోతుంది.

నిరుడు మార్చికి మా వెనక ప్లాట్లలో సగం ఇళ్లయిపోయాయి. తీతువు జంట మిగిలిన మూలలో మూడు గుడ్లు పెట్టింది. ఈసారి మిద్దె దిగలేదు. ఫోటోలో పిట్ట చిన్నదే, దాని వెనక పునాది గుంత, ఇటుకల కుప్ప. పెద్దది చేసి చూస్తే పొట్ట కింద ఈకలు తడిసి ముద్దగా అతుక్కుని కనిపిస్తాయి. తేదీతో సహా దాన్ని దాచుకున్నాను.