సీటీ స్కాన్, "చచ్చిన ప్రొటీన్లు", బ్లడ్ బ్యాంక్ రక్తం: ఆ ఫార్వర్డ్ గురించి

మళ్లీ వచ్చింది. మొదట చుట్టాల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇప్పుడు నాతో డిగ్రీ చదువుకున్నవాళ్ల గ్రూపులో. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో నా పక్కనే నిలబడి ప్రొటీన్ పరీక్షలు చేసిన మనిషే దీన్ని "తప్పక చదవండి" అని పంపితే ఇక ఊరుకోలేకపోతున్నాను.

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. ఒక్క సీటీ స్కాన్ నాలుగు వందల ఎక్స్‌రేలతో సమానమట, దాంతో ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవ భాగంలోని) ముఖ్యమైన ప్రొటీన్ అల్బుమిన్ శాశ్వతంగా విరిగిపోతుందట. సెల్‌ఫోన్ కూడా అదే పని చేస్తుందట. రేడియేషన్ తగిలిందో లేదో సైంటిస్టులు రక్తంలోని ప్రొటీన్లు చూసి కనిపెడతారు కాబట్టి ఇదంతా వాళ్లకు తెలిసే దాస్తున్నారట. బ్లడ్ బ్యాంకుల్లో రేడియేషన్ పెట్టిన రక్తం "చచ్చిన రక్తం" కాబట్టి దాన్ని వద్దని, సొంత అన్నదమ్ముల దగ్గర అప్పటికప్పుడు తీసిన రక్తమే ఎక్కించమని అడగాలట. చివర్లో మూడు రోజులు పసుపు, తులసి, గోధుమగడ్డి రసం.

ఫోన్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఫోన్ తరంగాలకు రసాయన బంధాన్ని తెంచేంత శక్తి లేదు. ఎక్స్‌రేకీ దానికీ కలిసిన మాట "రేడియేషన్" ఒక్కటే. రసం సంగతి కూడా అంతే. తాగాలనిపిస్తే తాగండి, అది కడగడానికి ఒంట్లో ఏమీ మిగిలి ఉండదు, మెషిన్ ఆపగానే ఎక్స్‌రే ఉండదు. స్కాన్ తర్వాత నీళ్లు బాగా తాగమన్నారు కదా అంటారేమో, అది స్కాన్ స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు మూత్రంలో బయటికి పోవడానికి.

నాలుగు వందల ఎక్స్‌రేల లెక్క ఎక్కడిదంటే, 2021 మేలో కరోనా రెండో వేవ్ నడుస్తుండగా అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. ఇప్పటి మెషిన్లకు ఆ లెక్క వర్తించదని రేడియాలజిస్టుల సంఘం అప్పుడే అభ్యంతరం చెప్పింది. నిజానికి ఏ మెషిన్, ఏ భాగం అన్నదాన్ని బట్టి ఆ నిష్పత్తి చాలా మారుతుంది. మామూలు ఛాతీ సీటీ డోసు 7 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి కలిగే ముప్పును బట్టి రేడియేషన్‌ను కొలిచే యూనిట్) చుట్టుపక్కల ఉంటుంది. ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి.

ఇక అల్బుమిన్. రేడియేషన్ ప్రొటీన్లను అసలేమీ చేయదని నేను అనను, చేస్తుంది. ప్లాస్మాలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఎక్స్‌రే ముందు నీటి అణువులను చీలుస్తుంది, అప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేనితోనైనా వెంటనే చర్య జరిపే ముక్కలు) పక్కనున్న ప్రొటీన్ మీద పడి దాని అమైనో ఆమ్లాలను ఆక్సిడైజ్ చేస్తాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అడగాల్సింది ఎంత అని. ఒక గ్రే (పీల్చుకున్న రేడియేషన్ శక్తిని కొలిచే యూనిట్) డోసుకి లీటరు నీటిలో ఈ రాడికల్స్ దాదాపు 0.28 మైక్రోమోల్ (అణువుల సంఖ్యకు కొలత) పుడతాయి. లీటరు ప్లాస్మాలో అల్బుమిన్ 600 మైక్రోమోల్ దాకా ఉంటుంది. ఒక్క రాడికల్ కూడా వృథా కాకుండా అన్నీ అల్బుమిన్‌నే కొట్టాయని ఒప్పుకున్నా, ఒక గ్రేకి సుమారు రెండు వేల అణువుల్లో ఒకటి దెబ్బతింటుంది. పొట్ట సీటీలో స్కాన్ పడిన భాగానికి అందేది గ్రేలో నూరో వంతు. అంటే రెండు లక్షల్లో ఒకటి. మరి మన కాలేయం రోజూ 10 నుంచి 15 గ్రాముల కొత్త అల్బుమిన్ తయారు చేస్తుంది, ఒంట్లో మొత్తం ఉన్నది 300 గ్రాములు. స్కాన్ తీయించుకున్నా, తీయించుకోకపోయినా ప్రతి రోజూ దాదాపు పాతికలో ఒకటి పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటుంది. రెండు లక్షల్లో ఒకటి పోయిందని "శాశ్వతం" అనే మాట వాడటానికి చేతులెలా వచ్చాయి?

మెసేజ్ కింద ప్రొటీన్లను సైజును బట్టి గీతలుగా (బ్యాండ్లుగా) విడదీసి చూపే జెల్ పరీక్షలో ఆ గీతలు చెదిరిపోయిన ఫొటో ఒకటి పెట్టారు. ఎంత డోసో రాయలేదు. అల్బుమిన్ అలా చెదిరి కనబడాలంటే వందల నుంచి వేల గ్రేలు కావాలి. ఒంటి మొత్తానికి ఒకేసారి నాలుగు గ్రేలు తగిలి, చికిత్స అందకపోతే, అలాంటివాళ్లలో దాదాపు సగం మంది బతకరు. వాళ్లు చనిపోయేది అల్బుమిన్ విరిగి కాదు, ఎముక మజ్జలో కణాలు విభజన చెందలేక. ప్రొటీన్ పోతే ఇంకోటి తయారవుతుంది. డీఎన్‌ఏ తెగి తప్పుగా అతుక్కుంటే ఆ తప్పు కణంతో పాటు ఉండిపోతుంది. భయపడాల్సిన చోటు అది.

సైంటిస్టులు రక్తంలోని ప్రొటీన్లు చూస్తారన్నది మాత్రం నిజమే. పెద్ద డోసు తగిలాక సీ-రియాక్టివ్ ప్రొటీన్ (సీఆర్‌పీ), సీరం అమైలాయిడ్-ఏ అనే ప్రొటీన్లు పెరుగుతాయి. మజ్జ దెబ్బతింటే ఎఫ్‌ఎల్‌టీ3 లిగాండ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. తల, మెడకు రేడియేషన్ తగిలితే లాలాజల గ్రంథుల నుంచి అమైలేజ్ రక్తంలోకి వస్తుంది. అయితే ఇవన్నీ దెబ్బతిన్న కణజాలం పంపే కబురు, విరిగిన ప్రొటీన్లు కావు. సీఆర్‌పీ మామూలు ఇన్‌ఫెక్షన్‌కి కూడా పెరుగుతుంది, అందుకే దాన్నొక్కదాన్నే చూసి డోసు తేల్చరు. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్త కణాలు) ఎంత వేగంగా పడిపోతున్నాయో చూస్తారు, క్రోమోజోముల్లో తేడాలు లెక్కపెడతారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో, యూనివర్సిటీ తుక్కు కింద అమ్మేసిన కోబాల్ట్-60 పరికరాన్ని విప్పినప్పుడు ఒకరు చనిపోయారు. ఆ వార్త దేశమంతా చదివింది. ఇందులో ఎవరు ఏం దాచారు?

ఇంతవరకు ఉన్నదంతా విసుగే. నన్ను కూర్చోబెట్టి రాయించింది బ్లడ్ బ్యాంక్ పాయింట్. మిగతా మెసేజ్ నమ్మితే మహా అయితే గోధుమగడ్డికి డబ్బులు పోతాయి, ఇది నమ్మితే మనిషి పోతాడు.

రక్తం ప్యాకెట్‌కి 25 గ్రేలు పెట్టేది దానిలోని తెల్ల కణాల కోసం. దాత రక్తంతో పాటు దాత టీ-లింఫోసైట్లు కూడా వస్తాయి. మామూలుగా మన రోగనిరోధక శక్తి వాటిని పరాయివని గుర్తించి చంపేస్తుంది. లుకేమియాకి కొన్ని రకాల కీమో తీసుకుంటున్నవాళ్లలో, మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఆ శక్తి ఉండదు. అప్పుడు ఆ కణాలు లోపల పెరిగి రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద, మజ్జ మీద దాడి చేస్తాయి. రక్తం ఎక్కించిన కొన్ని రోజుల నుంచి నెల లోపు జ్వరం, దద్దుర్లు, విరేచనాలతో మొదలవుతుంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా చనిపోతారు. ముందే రేడియేషన్ పెడితే ఆ కణాలు విభజన చెందలేవు, కథ అక్కడితో ఆగిపోతుంది. తెల్ల కణాలను వడకట్టే ఫిల్టర్ వాడాం కదా, చాలదా అంటే, ఈ జబ్బు విషయంలో దాని మీదే ఆధారపడరు.

ఇప్పుడు ఆ మెసేజ్ సలహా మళ్లీ చదవండి. "సొంత అన్నదమ్ముల తాజా రక్తం, రేడియేషన్ లేకుండా." ఈ జబ్బు రావడానికి అంతకంటే అనువైన పరిస్థితి ఇంకోటి లేదు. రక్త సంబంధీకుల కణజాల గుర్తులు కలుస్తాయి కాబట్టి, రోగనిరోధక శక్తి బాగానే ఉన్న మనిషి ఒళ్లు కూడా ఆ కణాలను పరాయివిగా గుర్తుపట్టకపోవచ్చు. తాజా రక్తంలో ఆ కణాలు ఇంకా బలంగా ఉంటాయి. అందుకే దగ్గరి బంధువు ఇచ్చిన రక్తానికి రేడియేషన్ తప్పనిసరిగా పెట్టాలని మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర ఆసుపత్రిలో మనిషి ఉన్నాడంటే మొదట పరిగెత్తుకొచ్చేది తమ్ముడో, కొడుకో, మేనల్లుడో. ప్రేమతో చేయి చాపిన ఆ మనిషి చేతే ఈ పని చేయించమంటారా? ఇది రాసినవాళ్లకు ఒక్క రక్త వ్యాధుల డాక్టర్‌ని అడగాలనిపించలేదా? పంపినవాళ్లకు?

పైగా, అలా రేడియేషన్ పెట్టిన రక్తం రేడియోధార్మికం కాదు. ప్యాకెట్ గుండా గామా కిరణాలు వెళ్లిపోతాయి, లోపల ఏమీ మిగలదు. 25 గ్రేలకు ప్లాస్మా ప్రొటీన్లు బాగానే పనిచేస్తాయి. నిజంగా తేడా వచ్చేది ఎర్ర కణాల్లో, వాటి నుంచి పొటాషియం కాస్త ఎక్కువగా బయటికి వస్తుంది. అందుకే అలాంటి ప్యాకెట్ గడువు తగ్గిస్తారు, పసిపిల్లలకైతే రేడియేషన్ పెట్టిన వెంటనే వాడేస్తారు. దాచిపెట్టాల్సిన రహస్యమైతే ప్యాకెట్ మీద స్టిక్కర్ ఎందుకు అంటిస్తారు?

ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాళ్లతో నాకు పేచీ లేదు. మన దగ్గర అక్కర్లేని సీటీలు చాలా తీస్తున్నారు. మామూలు తలనొప్పికి తీస్తారు, ఆసుపత్రి మారితే వారం కిందటి ఫిల్మ్ పక్కన పెట్టి మళ్లీ తీస్తారు, పిల్లలకు అల్ట్రాసౌండ్‌తో సరిపోయే చోట సీటీ రాస్తారు. ఒక్కొక్క స్కాన్‌తో క్యాన్సర్ ముప్పు చాలా కొద్దిగానే పెరిగినా, అవసరం లేనప్పుడు ఆ కొద్ది కూడా ఎందుకు? "ఈ స్కాన్ వల్ల నా చికిత్సలో ఏం మారుతుంది?" అని డాక్టర్‌ని అడగండి, పాత సీడీలు దాచుకోండి. ఈ రెండు మాటలూ ఫార్వర్డ్ చేసి ఉంటే నేనే పది గ్రూపుల్లో పెట్టేవాణ్ణి.

ఇంట్లో లుకేమియాకో, మజ్జ మార్పిడికో చికిత్స నడుస్తుంటే, రక్తం ఎక్కించే ముందు ఇర్రేడియేట్ చేశారా (రేడియేషన్ పెట్టారా) అని మీరే అడగండి. బంధువు ఇచ్చిన రక్తమైతే ఏ జబ్బుకైనా సరే అడగండి, స్టిక్కర్ చూపించమనండి. ఈ మెసేజ్‌ని ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, డిలీట్ చేస్తే సరిపోదు, వాళ్లు అప్పటికే చదివేసి ఉంటారు. ఫోన్ చేసి బ్లడ్ బ్యాంక్ సంగతి తప్పని చెప్పండి.