నల్లకోటు విప్పే రోజుకు సిద్ధపడటమూ వృత్తిధర్మమే

హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు పదవీ విరమణ చేస్తారు. వారి ముందు నిలబడి వాదించే న్యాయవాదికి మాత్రం 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ఏ వయోపరిమితీ పెట్టలేదు. అందుకే డెబ్బై అయిదేళ్లు దాటినా జూనియర్ భుజం ఆసరాతో మెట్లెక్కి, పిలుపు కోసం కాచుకుని కూర్చునే పెద్దలు జిల్లా కోర్టుల్లో కనిపిస్తూనే ఉంటారు. ఈ స్వేచ్ఛ వృత్తికి గౌరవమే. అయితే ఆగే తేదీ లేని వృత్తిలో ఆగడానికి సిద్ధపడే అలవాటు కూడా లేకుండా పోయింది. పెద్ద వయసు న్యాయవాదులకు విరమణ ప్రణాళికపై శిక్షణ అనగానే అది వారి సొంత డబ్బు వ్యవహారమని చాలామంది అనుకుంటారు. అంతకన్నా ముందు అది కక్షిదారుకు సంబంధించిన విషయమని నా వాదన.

కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో సీనియర్ ప్లీడరు గారు హఠాత్తుగా కాలం చేశారు. రెండు నెలల తర్వాత పక్క ఊరి నుంచి ఒక రైతు వచ్చి, భాగపంపకాల దావా కోసం ఎప్పుడో ఇచ్చిన తాతగారి అసలు క్రయ దస్తావేజు కావాలని అడిగాడు. గది నిండా ఎర్రగుడ్డ చుట్టిన కట్టలున్నాయి. ఏది ఎక్కడుందో తెలిసిన మనిషే లేడు. గుమాస్తా దుమ్ము దులుపుతూ ఒక్కొక్క కట్టా విప్పుతుంటే గుమ్మం దగ్గర తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ రైతును నేను చూశాను. మూడుసార్లు తిరిగాడు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం న్యాయవాది మరణంతో వకాల్తా, అంటే కక్షిదారు తరఫున వాదించే అధికారపత్రం, ముగిసిపోతుంది. కక్షిదారుకు ఆ సంగతి తెలిసేలోగా వాయిదాలు దాటిపోవచ్చు. ఫీజు బాకీ ఉన్నా ఫైళ్లు అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బతికుండగా పట్టి ఉంచుకోకూడని కాగితాలు మరణానంతరం గదిలో చిక్కుబడిపోవడం ఏ విధంగా న్యాయం? కాబట్టి శిక్షణలో మొదటి పాఠం పెండింగు కేసుల పట్టిక రాసిపెట్టడం, అసలు దస్తావేజులు రసీదు తీసుకుని తిరిగి ఇవ్వడం, కక్షిదారు సమ్మతితో వకాల్తాలో మరో న్యాయవాది పేరు చేర్చడం కావాలి.

డబ్బు సంగతి చెప్పడానికి పెద్దగా లేదు కానీ కటువుగానే చెప్పాలి. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ గడువు 15 ఏళ్లు. అరవైలో మేల్కొన్నవారికి అది దాదాపు చేయి దాటినట్టే. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల వరకు వేసుకోవచ్చు, కానీ ముందు ఆ సొమ్ము చేతిలో ఉండాలి. వకాల్తాపై అంటించే న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు పుణ్యమా అని 1987 చట్టం కింద కొంత మొత్తం వస్తుంది, అది పెన్షన్‌కు సాటిరాదు. ఈ శిక్షణ యాభైలోనే మొదలవ్వాలనడానికి కారణమిదే.

ఇక న్యాయచరిత్ర, అంటే పెద్దలు మాత్రమే చెప్పగల పాత చట్టాల సంగతి. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ సంహితలు అమల్లోకి వచ్చాక, జీవితమంతా సెక్షన్ల అంకెలతో ఆలోచించిన పెద్దలు తడబడ్డారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం. కొత్త సంహితలో అదే అంకె ముందస్తు బెయిలు. పాత శిక్షాస్మృతిలో హత్యకు గుర్తైన 302 కొత్త న్యాయ సంహితలో మతభావాలను నొప్పించే మాటలకు సంబంధించిన సెక్షన్. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక, కొన్నేళ్లపాటు రెండూ తెలిసినవారే కావాలి.

తెలంగాణ భూమి కేసుల్లో ఈ అవసరం మరీ ఎక్కువ. సేత్వార్, ఖాస్రా పహాణీ లాంటి పాత భూరికార్డులు చదవాలంటే, నిజాం కాలంలో వాడిన ఫస్లీ సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి నెలను బట్టి 590 లేదా 591 కలపాలి. పాత కాగితాలకు ఉర్దూ రావాలి. 1949లో జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం, అందులోని 38-ఇ కింద రక్షిత కౌలుదారుకు దక్కిన హక్కు ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో గుక్క తిప్పుకోకుండా చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని విద్యార్థులుగా మాత్రమే కూర్చోబెడితే పొరపాటు చేసినట్టే. ఫైళ్లు ఎలా అప్పగించాలో ఉదయం నేర్చుకున్న పెద్దమనిషి మధ్యాహ్నం ఖాస్రా పహాణీ ఎలా చదవాలో జూనియర్లకు చెప్పాలి, దాన్ని బార్ అసోసియేషన్ రికార్డు చేసి దాచాలి.

పిలిచినా ఎవరూ రారన్న అభ్యంతరం వినిపిస్తుంది. నిర్బంధ విద్యగా పెడితే విసుక్కుంటారేమో. పాఠం చెప్పమని పిలిస్తే కాదనే పెద్దను నేను చూడలేదు.

ఆ రైతు దస్తావేజు చివరికి దొరికింది. దానికి గుచ్చిన చీటీ మీద ప్లీడరు గారి చేతిరాతలో ‘వాపసు ఇవ్వాలి’ అని ఉంది.