వేటగాడి కత్తికి ఊరివాళ్లు ఎందుకు తెగరు?

వేసవి సెలవులకు మందస నుంచి విజయనగరంలోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు ‘ది విచర్ 3’ వీడియో గేమ్ మొదలుపెట్టిన గంటకే కంట్రోలర్ పక్కన పడేసి, ‘‘ఏటి మావయ్యా ఇది, ఎంత నరికినా ఒక్కడూ చావడం లేదు!’’ అని విసుక్కున్నాడు. నేను వెళ్లి చూసేసరికి వాడు నరుకుతున్నది భూతాన్ని కాదు, దారిన పోతున్న రైతుని. ఆ రైతు తల మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడే గాని ఒంటి మీద గీత పడలేదు. ఈలోగా కాపలా భటులు వచ్చి మావాణ్ణి చితకబాది, ఉన్న సొమ్ములో కొంత లాక్కున్నారు.

ఊరివాళ్లనూ చంపనివ్వాలన్న వాడి వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయలేదు. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ అనే ఆటలో ఊరివాళ్లను చంపితే తల మీద వెల పడుతుంది గాని చంపడానికి వీలుంది. దారిన పోయేవాళ్లను ఇష్టం వచ్చినట్టు చంపనిచ్చే ‘జీటీఏ’ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) ఆట సంగతి చెప్పనక్కర లేదు. పైగా 2015లో పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ విడుదల చేసిన ఈ ఆటలో కథానాయకుడు గెరాల్ట్ వీపున రెండు కత్తులుంటాయి. వెండిది భూతాలకు, ఉక్కుది మనుషులకు. ‘‘మనుషుల కోసమే కత్తి ఇచ్చి మనుషుల్ని నరకొద్దంటే ఎలా?’’ అని వాడు అడిగిన ప్రశ్నలో న్యాయముంది. అయినా ఆ కత్తి దారి దోపిడీగాళ్లకూ సైన్యం వదిలి పారిపోయి ఊళ్లు దోచేవాళ్లకూ ఉద్దేశించినది గాని, చేపలమ్ముకునే ముసలమ్మకు కాదన్నదే నా అభిప్రాయం.

గెరాల్ట్ రాజూ కాడు, సైనికుడూ కాడు, కూలికి భూతాల్ని వేటాడేవాడు. ఊరి ప్రకటనల బల్ల మీద కాగితం చూసి, పెద్దమనిషితో బేరమాడి, పని అయ్యాక డబ్బు తీసుకుని పోతాడు. అతణ్ణి చూస్తే జనం ఉమ్మేస్తారు, పిల్లల్ని లోపలికి లాక్కుంటారు, అయినా భూతం వచ్చిన రోజున అతణ్ణే పిలుస్తారు. మా ఉద్దానంలో జీడితోటలోకి ఎలుగుబంటి వస్తే, మత్తు తుపాకీతో వచ్చిన అటవీశాఖ మనిషి వెనకాల ఊరంతా నడుస్తుంది. ఆ తుపాకీ తమ వైపు తిరగదన్న నమ్మకం లేకపోతే అతణ్ణి ఎవరు పిలుస్తారు? వేటగాడి వృత్తి మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది.

ఆ నమ్మకం తెగితే ఏమవుతుందో ఆటే చూపించింది. ఆనర్టన్ అనే పల్లెకు వెళితే వీధి పొడుగునా శవాలుంటాయి. గేటన్ అనే మరో వేటగాడు భూతాన్ని చంపి కూలి అడిగితే, ఊరివాళ్లు అతని చేతిలో 12 నాణేలు పెట్టబోయి, కాదన్నందుకు కొట్టంలోకి తీసుకెళ్లి గడ్డి ఎత్తే పంగలకర్రతో వెనక నుంచి పొడిచారు. అతను కోపం ఆపుకోలేక ఊరంతటినీ నరికి, తన చెల్లెలిలా కనిపించిన ఒక్క చిన్నపిల్లను మాత్రం వదిలేశాడు. గాయపడి కూర్చున్న అతణ్ణి చంపాలా వదలాలా అన్నది అప్పుడు ఆడేవాడు తేల్చుకోవాలి. మావాడు ఆ ఘట్టానికి వచ్చేసరికి పావుగంటసేపు ఏ మీటా నొక్కకుండా కూర్చున్నాడు. పొద్దున సరదాకి పది ఊళ్లు నరకనిచ్చి ఉంటే, సాయంత్రం గేటన్‌ని విచారించే అర్హత వాడికి ఎక్కడిది?

అలాగని ఆట చేసిన పద్ధతి నాకు పూర్తిగా నచ్చిందని కాదు. 2007 నాటి తొలి ‘అసాసిన్స్ క్రీడ్’ ఒక పూర్వీకుడి జ్ఞాపకాల్లోకి వెళ్లి ఆడే ఆట. అందులో అమాయకుల్ని చంపితే, నీ పూర్వీకుడు ఈ పని చేయలేదు సుమా అని హెచ్చరిస్తుంది, మితిమీరితే ఆ జ్ఞాపకమే తెగిపోతుంది, నిషేధానికి కథలోనే కారణం ఉంది. ఇక్కడ అదేమీ లేదు, రైతు ఒళ్లు రాయైపోతుందంతే. భటులు మాత్రం చస్తారు, వాళ్లు ఏ తల్లి బిడ్డలు కారో మరి! ఇల్లాలు చూస్తుండగానే పెట్టె తెరిచి ఆమె ఉల్లిపాయలు పట్టుకుపోయినా ఆమె నోరు మెదపదు. ఆవుల సంగతి ఇంకా విడ్డూరం: ఆటలోని వైట్ ఆర్చర్డ్ అనే ఊళ్లో ఆవుల్ని చంపి తోళ్లమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారని, ఆ మందను ముట్టుకున్నవాడి మీదికి కొమ్ముల భూతాన్ని తోలే ఏర్పాటు తర్వాత చేశారు. ఆవు కోసం పడిన ఆ శ్రమలో సగం రైతు కోసం పడి ఉండవలసింది: ఒకణ్ణి కొడితే ఆ ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వకపోవడం, కొట్లు మూసేయడం వంటివి.

2024 డిసెంబరులో ప్రకటించిన నాలుగో ‘విచర్’ ఆటలో గెరాల్ట్‌కు బదులు వేటగత్తె, అతను పెంచిన సిరి. దాని ట్రైలర్‌లో ఆమె భూతాన్ని చంపి తిరిగొచ్చేసరికి, ఆమె కాపాడిన పిల్లను ఊరివాళ్లే చంపి ఉంటారు. ‘‘ఇప్పుడైనా నరకనిస్తారా మావయ్యా?’’ అని ఫోన్ చేసి అడిగాడు మావాడు. ఈసారి ‘‘వద్దురా’’ అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.